బాతులకు వేసిన అన్నం

అన్నం చెత్తబుట్టలో వేయడం మా ఇంట్లో పాపం. అందుకే పరాయి దేశంలో, ట్రాయ్ అనే ఊళ్లో గడిపిన ఆ చలికాలమంతా, మిగిలిన అన్నం బస్టాపు వెనక చెరువులో బాతులకు వేసేవాణ్ణి. చెరువు గడ్డకట్టినా, అవి తిరిగే చోట మాత్రం గుండ్రంగా నీళ్లుండేవి. ఒక శుక్రవారం, డబ్బాతో మంచు మీద నాలుగడుగులు వేశాను. కాళ్ల కింద పటపటమంది.

"కదలకు బాబూ. మెల్లగా వెనక్కి రా," అంది బస్టాపులో రోజూ కనిపించే తెలుగు పెద్దావిడ.

ఆవిడ చెయ్యి పట్టుకుని ఒడ్డుకొచ్చాను.

"పెట్టకపోతే చచ్చిపోతాయి కదా ఆంటీ?"

"నువ్వు పెడుతున్నావనే చలికి సౌత్‌కి ఎగిరిపోకుండా ఇక్కడే ఉండిపోయాయి. నువ్వు రాని రోజు ఏం చేస్తాయి?"

బస్సొచ్చింది. పక్కనే కూర్చున్నా, సోమవారం నుంచి నా ఉద్యోగం వేరే రాష్ట్రంలో అని ఆవిడకి చెప్పడానికి భయమేసింది.