పరగడుపు మాత్ర

ఆ వార్డులో అందరూ ఆమెను కాపలా సిస్టరు అంటారు. మాత్ర చేతిలో పెట్టి వెళ్లిపోయే రకం కాదు. గొంతు కదిలేదాకా మంచం దగ్గరే నిలబడుతుంది. కడుపులో యాసిడ్ తగ్గించే మాత్రలు పొద్దున్నే, టిఫిను బండి రాకముందే ఇచ్చేస్తుంది. నమలొద్దంటుంది. లోపల రక్తం కారుతోందేమోనని, "విరేచనం నల్లగా అయిందా?" అని మొహమాటం లేకుండా అడుగుతుంది. "మా ఆవిడ కూడా ఇన్ని అడగదు," అని ఎదురు మంచం మీది తాపీమేస్త్రీ నవ్వుతాడు.

కిటికీ పక్క మంచం మీది దర్జీ తాతకు మాత్రం మంట తగ్గలేదు. రేపు గొట్టం వేసి కడుపు చూస్తామన్నారు డాక్టరు. ఆ మాట విన్నప్పటి నుంచి తాతకు కంటి మీద కునుకు లేదు. గొంతు కదులుతోంది, మందు పనిచేయడం లేదు. సిస్టరుకు అదే అంతుపట్టలేదు. ఈ పొద్దున వెళ్లినట్టే వెళ్లి, తలుపు చాటు నుంచి చూసింది. తాత బుగ్గలోంచి మాత్ర తీసి దిండు కింద పెట్టాడు.

"అదేంటి తాతా?"

"తిన్నాక వేసుకుందామని తల్లీ. పరగడుపున మాత్ర వేస్తే పేగులు మాడిపోతాయంట. మీ మామ్మే చెప్పింది."

సిస్టరుకు నవ్వొచ్చింది. "ఇది తిండి కంటే ముందే లోపలికెళ్లాల్సిన మందు తాతా," అని కొత్త మాత్ర తెచ్చి మింగించింది. సంగతి విన్న డాక్టరు, గొట్టం మాట నాలుగు రోజులు ఆగి చూద్దామన్నారు. తాత ప్రాణం కుదుటపడింది. అప్పుడే వచ్చిన మామ్మ సంగతి విని ముక్కున వేలేసుకుంది.

"పెళ్లైనప్పటి నుంచి నా మాట ఒక్కటి విన్న పాపాన పోలేదమ్మా. వినక వినక ఇదే వినాలా!"