నా స్వింగుకు కెమెరా వెతికిన నెల

ఆ కాలంలో నాకు ఏ కష్టం వచ్చినా దానికి తగిన వస్తువొకటి కొంటే తీరిపోతుందని గట్టి నమ్మకం. పొట్ట పెరిగితే పరుగెత్తే బూట్లు కొన్నాను. నిద్ర పట్టకపోతే కొత్త దిండు కొన్నాను. (దిండు ఇప్పటికీ ఉంది, నిద్ర సంగతి అడగొద్దు.) ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఇంట్లో పుట్టి, ఆ పత్తి దుమ్ముకు పొద్దస్తమానం తుమ్మలేక బెంగళూరుకు పారిపోయినవాణ్ణి నేను. అక్కడ ఒక గోల్ఫు నేర్పే మైదానంలో కౌంటరు దగ్గర కూర్చొని, వచ్చినవాళ్లకు బుట్టలో బంతులు పోసి ఇచ్చే ఉద్యోగం. సాయంత్రం అందరూ పోయినాక మిగిలిన బంతులు నేనూ కొట్టేవాణ్ణి. పాఠాలు చెప్పే సారు ఒకరోజు అటుగా పోతూ చూసి, "పర్వాలేదే" అన్నాడు. ఆ ఒక్క మాట మీద నేను మూడేళ్లు బతికినాను.

నాయనకు కంట్లో శుక్లం తీయించాల్సి వచ్చి నెల రోజులు సెలవు పెట్టి ఆదోనికి వచ్చినాను. వచ్చిన వారానికే సారు ఫోన్ చేసినాడు. పిల్లలకు ఆట నేర్పడానికి ఒక మనిషిని తీసుకుంటున్నారంట, నా పేరు కూడా ఇచ్చినాడంట. స్వింగు, అంటే గోల్ఫు స్టిక్కు తిప్పి బంతి కొట్టే తీరు, వీడియోలో చూసి ఓనర్లు తేలుస్తారంట. ఎదురు నుంచి తీయాల, స్టిక్కు తల బంతికి తగిలేది స్పష్టంగా కనిపించాల, నెలాఖరులోపు పంపాల. సంతోషంతో "సరే సార్" అని మూడుసార్లు అన్నాను. అప్పుడు సారు మెల్లగా ఇంకో మాట చెప్పినాడు: కౌంటరు దగ్గర బంతులు పోసేందుకు మిషను వస్తోందంట. అంటే ఈ పని దొరికితే నేను కోచ్‌ని. దొరక్కపోతే మళ్లీ పత్తి, మళ్లీ తుమ్ములు, చచ్చేదాకా.

మా పత్తి గోడౌను వెనక ఖాళీ జాగా ఉంది. ఆడ బంతి ఆగేందుకు ఒక పాత పరదా కట్టి, సారు ఇచ్చిన పాత స్టిక్కు పట్టుకొని, ఫోనును ఇటుకకు ఆనించి మొదలుపెట్టినాను. అదీ హమాలీలందరూ ఇళ్లకు పోయినాక, పొద్దు వాలినాకే. పగలు కొడితే ఊరంతా గుమిగూడి నవ్వుతారని సిగ్గు. మొదటి వీడియోలో నా మోకాళ్లు మాత్రం పడినాయి. ఇటుక మీద ఇటుక పెడితే నేను పడినాను గానీ, స్టిక్కు ఎత్తగానే మాయమై, నా రెండు చేతులూ ఊడిపోయి, గాలిలో బూడిద రంగు మరక ఒకటి తిరుగుతోంది. నల్ల కళ్లద్దాలు పెట్టుకొని మంచం మీద కూర్చున్న నాయన (డాక్టరు అంగడికి పోవద్దన్నాడు కాబట్టి ఆయనకు నేనే కాలక్షేపం) ఫోను తీసుకొని దగ్గరగా, దూరంగా పెట్టి చూసినాడు. "ఏందిరా ఇది, దయ్యం పట్టినట్టుంది?" అన్నాడు. "నేను బాగానే కొట్టినా నాయనా. ఫోను కెమెరా మంచిది కాదు" అన్నాను. ఈ మాట ఆ నెలలో ఎన్నిసార్లు అన్నానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది.

వెంటనే అగ్గిపెట్టెంత కెమెరా ఒకటి ఆన్‌లైన్లో తెప్పించినాను. దాంతోపాటు మూడు కాళ్ల స్టాండు, తలకు కట్టుకునే పట్టీ, ఛాతీకి కట్టుకునే పట్టీ, దూరం నుంచి నొక్కే బటను, ఇంకా ఎందుకో నాకే తెలియని ఐదారు మరలు. తలకు కట్టుకొని కొడితే నేల, ఆకాశం, నేల, నాయన చెప్పులు వచ్చినాయి. ఛాతీకి కట్టుకొని కొడితే నా మోచేతులు మాత్రం వచ్చినాయి. స్టాండు మీద పెడితే మా ఊరి గాలి ఊరుకుంటుందా? సరిగ్గా నేను స్టిక్కు పైకెత్తినప్పుడే స్టాండు బోర్లా పడింది. దాని కాలికి రాయి కట్టినాను. అప్పుడు రాయి నిలబడింది, కాలు విరిగింది. నేను ఆ విరిగిన కాలు పట్టుకొని నేల మీద కూలబడినాను. నవ్వుతున్నారు గానీ, నిజంగా ఏడుపొచ్చింది నాకు. పదకొండు రోజులే మిగిలినాయి.

ఇక లాభం లేదు, పని తెలిసినవాళ్లనే పిలవాలనుకొని ఎమ్మిగనూరు నుంచి ఒక స్టూడియో అన్నను రప్పించినాను. చుట్టుపక్కల పెండ్లిళ్లన్నీ ఆయనే తీస్తాడు. ఆయన తీసిన ప్రతి వీడియోలో పైనుంచి గులాబీలు రాలుతాయి కాబట్టి మా ఇంట్లో ఆయన పేరు గులాబీ అన్న. బండి మీద రెండు బ్యాగులు వేసుకొని వచ్చి, జాగా అంతా తిరిగి చూసి, "తమ్ముడూ, కొంచెం ఎడమకు తిరుగు. గదుమ పైకి. ఆ కట్టె భుజం మీద పెట్టుకో. ఇప్పుడు యాడనో దూరంగా సూడు, నవ్వు" అన్నాడు. "అన్నా, నేను నవ్వేది కాదు, కొట్టేది తీయాల" అన్నాను. "తీస్తాలే అప్పా, నాకు తెలీదా?" అన్నాడు. నాలుగు రోజులకు వీడియో వచ్చింది. బంగారు అక్షరాల్లో నా పేరు. వెనక సన్నాయి. నేను స్టిక్కు ఎత్తుతాను, హృదయం ఆకారంలో చుక్కలు లేస్తాయి, స్టిక్కు కిందికి వస్తుంది, వస్తుంది... టక్కున నల్ల కళ్లద్దాల్లో మా నాయన ముఖం, దాని మీద గులాబీలు.

వెంటనే ఫోన్ చేసినాను. "కొట్టేది యాడన్నా?" అని అరిచినాను. ఆయన ఏమాత్రం తొణకలేదు. "కొట్టేదేముంది తమ్ముడూ? తాళి కట్టేటప్పుడు కూడా మేము తాళి సూపియ్యం, పెండ్లికూతురు అమ్మ కండ్లనీళ్లు సూపిస్తాం. సూసేవాళ్లకు గుండె పట్టుకుంటుంది" అన్నాడు. మళ్లీ తీయమంటే, పెండ్లిళ్ల సీజను అయిపోనీ అన్నాడు. నాకు ఆరు రోజులే ఉన్నాయి, ఆయన సీజనేమో రెండు నెలలు. ఫోను పెట్టేసి అన్నం తినకుండా పడుకున్నాను.

మరుసటి రోజు నాయన నన్ను లేపి గోడౌను వెనక్కి తీసుకుపోయినాడు. ఆడ మూడు పొడుగు కర్రలు పైన కలిపి కట్టి పెట్టున్నాయి. వెనకటికి పల్లెల్లో పత్తి కొనేటప్పుడు ఇట్లా కర్రలు పాతి కాటా వేలాడదీసేవాళ్లు. గాలికి అవి కదలవు. నా పాత ఫోనునే పురికొసతో వాటికి బిగించి కట్టించినాడు. "కొట్టు" అన్నాడు. "ఇప్పుడా? పట్టపగలు, హమాలీలు సూస్తాండారు" అన్నాను. "ఒరేయ్, సందెపొద్దున ఎవురన్నా పత్తి సూస్తారా? నీడలో అంతా తెల్లగానే ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో సూడాల, అప్పుడు సరుకు సంగతి తెలుస్తుంది" అన్నాడు. సిగ్గు చంపుకొని కొట్టినాను. వీడియో అద్దంలా వచ్చింది. స్టిక్కు తల కూడా కనపడింది. నడుం తిరగక, మోకాళ్లు వణుకుతూ, బంతికి జానెడు ముందు నేలను తవ్వుతున్న మనిషి ఎవరో కూడా స్పష్టంగా కనపడినాడు. నాయన రెండుసార్లు చూసి, "కెమెరా బాగుందిరా" అన్నాడు. ఇన్నాళ్లూ నా బతుకును ఆ మసక కాపాడుతోందని ఆ ఎండలో నాకు తెలిసింది.

అయినా వదల్లేదు. మూడు రోజులు, మధ్యాహ్నం పూట, తల మీద తడి తువ్వాలు వేసుకొని కొట్టినాను. రెండొందల పైమాటే. చేతులు బొబ్బలెక్కినాయి, హమాలీలు నవ్వి నవ్వి విసుగొచ్చి పనికి పోయినారు. మూడో రోజు ఒక్కసారి, ఏం జరిగిందో ఏమో, టక్కుమని ఒక శబ్దం వచ్చింది. నా చేతికి ఏమీ తగిలినట్టే లేదు. నాయన, నేను ఇద్దరం ఫోను దగ్గరికి పరుగెత్తినాము. ఏం స్వింగప్పా అది! నడుం తిరిగింది, భుజం తిరిగింది, స్టిక్కు వెళ్లి మెడ వెనక వాలింది. నాయన నా వీపు మీద చరిచినాడు.

"ఇదొక్కటే పంపిస్తా" అన్నాను. "మిగతావి?" అన్నాడు. "తీసేస్తా." నాయన కళ్లద్దాలు తీసి నన్ను చూసినాడు. "శాంపిలంటే మూటలో పైన ఒక పిడికెడు, నడుమ ఒక పిడికెడు, అడుగున ఒక పిడికెడు తీయాల. ఏరి పంపిన సరుకు లారీ దిగినాక వాపసొస్తుంది" అన్నాడు. "ఇది పత్తి కాదు నాయనా" అని అరిచినాను. "కాదు. పత్తి వాపసొస్తే గోడౌన్లో వేసుకుంటా. నువ్వు తలొంచుకొని వాపసొస్తే యాడ పెట్టుకోవాలరా నేను?" అన్నాడు. ముప్పై ఏళ్లుగా ఒక్క మూట కూడా వాపసు రాని మనిషి. మంచిది ఒకటి, మామూలుది ఒకటి, నేల తవ్విందొకటి, మూడూ పంపినాను.

రెండో రోజు సారు ఫోన్. "మొదటిది చూసి ఓనర్లు లేచి నిలబడినారయ్యా" అన్నాడు. "తర్వాత రెండూ చూసి కూర్చున్నారు. అవెందుకు పంపినావు?" అన్నాడు. "శాంపిలు సార్" అన్నాను. ఉద్యోగం ఇంకెవరికో పోయింది, మిషను వచ్చింది, నేను ఆదోనిలో ఉండిపోయినాను. నాయనతో కొన్ని నెలలు సరిగ్గా మాట్లాడలేదు. రెండొందల్లో ఒకటి కొట్టేవాడు పిల్లలకు ఏం నేర్పుతాడు, వారంలో పంపేసేవాళ్లే, నాయన అన్నది నిజమే. కానీ ఆ వారం రోజులైనా కోచ్‌లు పెట్టుకునే తెల్ల టోపీ పెట్టుకొని ఉండేవాణ్ణి, పిల్లలు నన్ను సార్ అని పిలిచి ఉండేవాళ్లు కదా అని ఇప్పటికీ మనసు పీకుతుంది.

ఆ మంచి వీడియో మాత్రం ఫోను మారినప్పుడల్లా కొత్తదాంట్లోకి తెచ్చుకుంటాను. పెండ్లయిన కొత్తలో ఒకరోజు మా ఆవిడకు చూపించినాను. "ఇది నువ్వేనా?" అంది, నమ్మకం లేనట్టు. "నేనే" అన్నాను, ఛాతీ కొంచెం ముందుకొచ్చింది. ఇంకోసారి పెట్టించుకొని చూసి, "మరి బంతి యాడికి పోయింది?" అంది. నేను జీవితంలో కొట్టిన ఒకే ఒక్క మంచి దెబ్బ. ఆ బంతి పరదా దాటి ఎంత ఎత్తుకు లేచిందో, ఎంత దూరం పోయిందో, ఎవరి చేన్లో పడిందో నాకు తెలీదు. అప్పుడు నాయనా నేనూ ఫోనులో చూస్తాన్నాము.