తెల్లచీర అక్కర్లేని దయ్యం: సిరిసిల్ల మీదుగా కోరుట్ల

తమ్ముడూ, నా పోయిన పోస్టు కింద "తెల్లచీర, విరబోసిన జుట్టు, ఇంత పొగ ఉంటే దయ్యం సినిమా అయిపోయినట్టే" అని రాశావు. కాదు. నేనూ అలాగే అనుకుని సిరిసిల్ల దాకా వెళ్లాను కాబట్టి చెబుతున్నాను. నా మనవరాలు నిహారిక కోరుట్లలో తన మొదటి లఘుచిత్రం తీసింది. దయ్యానికి చీర తెచ్చే పని నాది. బీడీలు చుట్టే రాజవ్వ తన ఇంట్లో ఖాళీగా ఉన్న గదిని, ఆమె మాటలో అర్రను, ఒక్కరోజుకే ఇచ్చింది. నాలుగింటికి కొత్త కిరాయిదార్లు దిగుతారు, ఆలోపు సినిమా పూర్తికావాలి.

ఆరున్నరకు జగిత్యాలలో బస్సెక్కి, వేములవాడలో మారి, తొమ్మిదింటికి సిరిసిల్ల చేరాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ సున్నా. మరమగ్గాల వీధిలో దుకాణదారు తెల్లచీర నాలుగువందల యాభై అన్నాడు.

"అంచు ఏ రంగుది కావాలె పెద్దమ్మా?"

"అంచు వద్దు. దయ్యానికి. మూడువందలకు ఇయ్యి."

"దయ్యానికి గూడ బేరమేనా?"

"దయ్యం నా మనవరాలిది, పైసలు నావి."

మళ్లీ వేములవాడ మీదుగా పన్నెండుకల్లా కోరుట్ల. నిహారిక స్నేహితురాలు చీర కట్టి, జుట్టు విరబోసి, పొగలోంచి నడిచింది. పాలియెస్టర్ చీర అట్టలా నిలబడింది. దయ్యమే ముందు నవ్వింది. రెండు దాటింది. నిహారిక ముఖం వాడిపోయింది.

గడపలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలకు తునికాకు కత్తిరిస్తున్న రాజవ్వ ఊరుకోలేదు. "గట్ల జుట్టు ఇరబోసుకుంటె దయ్యం గాదు బిడ్డా, తానం జేసి అచ్చినట్టుంటది."

"మరి ఎట్లుండాలె అవ్వా?" అంది నిహారిక.

"మా అత్త సచ్చినంక గీ అర్రల కత్తెర సప్పుడు ఇనవడ్డట్టయ్యేది. ఆమెకు ఎప్పుడు జూసినా పనే. సచ్చినంక గూడ ఆకు కోస్తనే ఉన్నదనుకునేటోళ్లం."

నిహారిక పొగ ఆపేసింది. నీలం నేతచీరలో, బిగించిన కొప్పుతో ఉన్న రాజవ్వనే కెమెరాకు వీపు పెట్టి కూర్చోబెట్టింది. పట్టపగలు, ఖాళీ గది, కత్తెర చప్పుడు. ఉన్నట్టుండి కత్తెర ఆగింది. రాజవ్వ తిరగలేదు. ఇందాక దయ్యమై నవ్విన పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

"ఇంకెంతసేపు ఆపాలె బిడ్డా?" అంది రాజవ్వ, తల తిప్పకుండానే. అందరం ఉలిక్కిపడ్డాం. టైం మూడూ నలభై.

ముప్పై ఏళ్లు బడిలో పాఠం చెప్పాను. ఎదురుగా ఉన్నదాన్ని చూడమని ఎంతమందికి చెప్పినా విన్నవాళ్లు తక్కువ. అమ్మమ్మ రెండు బస్సులు మారి తెచ్చిన చీరను మొహమాటం లేకుండా పక్కన పడేసిందే, ఆ పిల్లను చూస్తే నాకు గర్వంగా ఉంది. మా ఇంట్లో ఆ తెలివి ఆడపిల్లలకే వస్తుంది. నీకు తెలియంది కాదు.

ఈ దారిన వెళ్లేవాళ్లు సోమవారం మానుకోండి. వేములవాడ భక్తులతో బస్సులో నిలబడే చోటు కూడా ఉండదు. తమ్ముడూ, శనివారం నువ్వు కోరుట్ల పోతున్నావు కదా. మా ఇంట్లో ఆ సినిమా ఉన్న పెన్‌డ్రైవ్ ఉంది, తీసుకెళ్లి రాజవ్వ టీవీకి పెట్టు. సౌండు పెంచు. సినిమా అయ్యేదాకా కూర్చో, ఆమె చాయ్ ఇస్తే వద్దనకు.