కంది చేనికి క్యాన్ నీళ్లు

కంది చేనికి కొట్టే మందు కలపడానికి శ్రీశైలమ్మ తాగే నీళ్ల క్యాన్లు మోసుకుపోతోందన్న కబురు ఆమె గట్టు చేరకముందే మరిది రామసుబ్బయ్య చెవిన పడింది.

“ఏంది వదినా ఇది? మనుషులు ప్లాంటు నీళ్ల కోసం వరస కడతాంటే నువ్వు పురుగులకు పోస్తాండావా? ఇంత చక్కెర గూడా కలుపు, షర్బత్తు అయితది!”

“చక్కెర గాదు, బెల్లం తెచ్చినాలే. తియ్యగుంటే ఇంకా బాగా తింటాయి,” అంది ఆమె, నడక ఆపకుండానే.

బేస్తవారిపేటకు పడమట ఉన్న ఆ చేనును భర్త పోయినప్పటి నుంచి ఆమే సేద్యం చేస్తోంది. రెండేళ్ల కిందట పురుగుమందు కొడుతూ సాళ్ల మధ్య సొమ్మసిల్లి పడిపోయింది. మార్కాపురం ఆసుపత్రి నుంచి ఇల్లు చేరిన నాడే, ఆ విషం మళ్లీ తన చేలో అడుగు పెట్టదని తేల్చి చెప్పింది. నిరుడు బీటీ పొడి కొట్టింది. అది నేలలో బతికే ఒక బాక్టీరియాతో చేసిన మందు. పురుగు చావలేదు, కాయలు గుల్లయ్యాయి. ఈ ఏడూ అదే జరిగితే చేను ఊళ్లోని కౌలు రైతు అబ్రహాముకు కౌలుకు ఇచ్చేయాలని రామసుబ్బయ్య పెద్దల ముందు ఆమె చేత మాట ఇప్పించాడు. ఆమె మాట ఇచ్చింది గానీ, నిరుటి తప్పు ఎక్కడుందో వెతకడం మానలేదు.

వ్యవసాయ సహాయకురాలు సుచరిత బోరు నీళ్లలో ఎర్ర లిట్మస్ కాగితం ముంచితే అది నీలంగా మారింది, అంటే అవి క్షారపు నీళ్లు. ఈ బాక్టీరియా తనలో ఒక ప్రోటీన్‌ను స్ఫటికాలుగా దాచుకుంటుంది. క్షార గుణమున్న పురుగు పేగులో ఆ స్ఫటికాలు కరిగి, పేగు గోడకు చిల్లులు పొడుస్తాయి. అయితే క్షారపు నీళ్లలో నానితే మందు పురుగు నోటికి అందకముందే చెడుతుంది. నిరుడు శ్రీశైలమ్మ, ఊళ్లో అందరికీ అలవాటైనట్టే, పొద్దున్నే డ్రమ్ములో బోరు నీళ్లతో కలిపి సాయంత్రం దాకా ఉంచింది.

ఈసారి క్షారం లేని క్యాన్ నీళ్లతో అప్పటికప్పుడు కలిపింది. ఎండకూ ఆ మందు చెడుతుంది కనుక పొద్దు వాలాక కొట్టింది. కొట్టడం అయ్యాక కొన్ని మొక్కల కింద పాత పంచెలు పరిచింది.

మరునాడు పొద్దున రామసుబ్బయ్య వచ్చాడు. వెనక అబ్రహాము, వీపున పాత పురుగుమందు నింపిన స్ప్రేయరుతో. రామసుబ్బయ్య కొమ్మ పట్టి దులిపాడు. పంచె మీద పడిన పచ్చ పురుగులు మెల్లగా కదిలాయి.

“బతికే ఉండాయి గదా! అబ్రహామూ, కానీ.”

శ్రీశైలమ్మ సాలుకు అడ్డంగా నిలబడింది. “కొట్టేదుంటే ముందు నామీద కొట్టి, ఆనక చేలోకి పొండి. ఆ మందు రుచి నాకు కొత్తగాదు.”

అబ్రహాము స్ప్రేయరు కిందికి దించాడు. “అన్నా, నేను కౌలుకొచ్చినా గానీ కొట్లాటకు రాలా.”

“మరిదీ, పురుగు బతికుందా అని గాదు, తింటాందా అని చూడు. మందు కొట్టకముందు గుడ్డ పరిస్తే తెల్లారేసరికి ఆవాలు చల్లినట్టుండె రెట్ట. ఇప్పుడేదీ?”

రామసుబ్బయ్య గొంతుక్కూర్చుని చూశాడు. పంచె మీద అక్కడొకటి, ఇక్కడొకటి తప్ప రెట్ట లేదు.

“తినకపోతే ఏమైతది?”

“నువ్వు తిండి మాని చూడు, తెలుస్తది.”

రెండు రోజులకు చిన్న పురుగులు నల్లబడి, కొమ్మలకు తలకిందులుగా వేలాడాయి. అయినా రామసుబ్బయ్య ఊరుకోలేదు. కాయలో తల దూర్చిన లావుపాటి పురుగునొకదాన్ని లాగి అరచేతిలో పెట్టి చూపించాడు.

“మరి దీని సంగతేంది?”

ఆమె దాన్ని రెండు వేళ్లతో తీసి సబ్బునీళ్ల డబ్బాలో వేసింది.

“చేతికి చిక్కేంత ఉందిగా. దీనికి మందెందుకు?”

రామసుబ్బయ్య సాలు పొడవునా నడిచి వచ్చాడు. కాయలు చాలామటుకు నిండుగానే ఉన్నాయి.

“సరేలే వదినా, కౌలు మాట వచ్చే ఏటికి చూద్దాం.”

“వచ్చే ఏడూ నేనే ఉంటా. మళ్లీ వారం ఇంకోసారి కొట్టాల. వచ్చేటప్పుడు చేతులూపుకుంటా రాబాక, ఒక క్యాన్ మోసుకోని రా.”