బుడగ నడుమ నిలిచిన చోటు

ఆ గచ్చు మేస్త్రీని అందరూ మట్టం మేస్త్రీ అంటారు. చంకలోని రసమట్టాన్ని ఎక్కడ పడితే అక్కడ పెట్టి, బుడగ నడుమ నిలిచిందా లేదా అని చూడందే ఆయనకు తోచదు. ఇంట్లో బల్ల మీద పెడతాడు, గడప మీద పెడతాడు. "నా నెత్తి మీద కూడా పెట్టి చూడు, ఎటు ఒరిగిందో తెలుస్తుంది" అంటుంది భార్య.

ఆ సాయంత్రం పని నుంచి వచ్చి సిమెంటు పట్టిన కాళ్లు కడుక్కుంటున్నాడు. కూతురు గడపలో కూర్చుని ఉంది, ఒళ్లో లెక్కల పరీక్ష కాగితం.

"నాన్నా, రేపటి నుంచి నేను కాలేజీకి వెళ్లను."

మేస్త్రీ చేతిలో చెంబు ఆగిపోయింది. ఏడో తరగతిలో తనూ ఒక సాయంత్రం బడి గురించి ఇదే మాట అన్నాడు. అదేంట్రా అని అడిగినవాళ్లు లేరు. ముప్పై ఏళ్లుగా మోకాళ్ల మీద పాకుతున్నాడు. ఇప్పుడు గదమాయిస్తే పిల్ల మొండికేస్తుంది. ఊరుకుంటే తనలాగే అయిపోతుంది.

వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"ఎక్కడ తప్పిందో చెప్పమ్మా."

"నీకేం అర్థమవుతుంది నాన్నా."

"అర్థం కాకపోతే కునుకు తీస్తాలే, నువ్వు చెప్పు."

ఆమె పెదవి కొంచెం కదిలింది. కాగితం చాపింది. "ఇదొక వంపు గీత లెక్క. వాలు ఎక్కడెక్కడ సున్నా అవుతుందో కనుక్కోవాలి. వాటిని స్థిర బిందువులంటారు. సున్నా దగ్గరొకటి, మూడు దగ్గరొకటి వచ్చాయి. రెండూ గీత అడుగుకి చేరే చోట్లేనని రాశాను. సార్ మొదటిది కొట్టేశారు. దిగుతూ దిగుతూ వాలు పోయిందంటే అడుగే కదా?"

మేస్త్రీ నవ్వాడు. "అచ్చం నా పోలికే. ఆమధ్య ఒక మూడంతస్తుల మేడ మీద గచ్చు వేశానా, ఒకచోట బుడగ నడుమ నిలబడింది. ఇదే పల్లం అనుకుని నీళ్లు పోయే కన్నం అక్కడే పెట్టా. వాన పడింది. నీళ్లు కన్నం దాకా వచ్చి, కాస్త నెమ్మదించి, దాన్ని దాటి గోడ మొదట్లో మడుగు కట్టాయి. 'మేస్త్రీ, ఈ కన్నం దేనికి, అందానికా?' అన్నాడు ఇంటాయన."

"మరి అక్కడ వాలు లేదుగా?"

"లేదు. కానీ అది అడుగు కాదు తల్లీ, దారిలో చిన్న చదును. బుడగ ఒక్కచోట చూస్తే చాలదు. జానెడు ఇటు చూడాలి, జానెడు అటు చూడాలి. ఇటు దిగి అటు ఎక్కితేనే పల్లం."

కూతురు పెన్ను తీసింది. "సున్నాకి ఇటు, మైనస్ ఒకటి పెడితే..." గొణుక్కుంటూ వేసింది. "వాలు మైనస్ పదహారు. అటు ఒకటి పెడితే మైనస్ ఎనిమిది. రెండు పక్కలా దిగుడే."

"మరి ఆ మూడు దగ్గర?"

"రెండు పెడితే దిగుడు. నాలుగు పెడితే..." తల ఎత్తింది. "ఎగుడు నాన్నా."

"కన్నం అక్కడ పెట్టుకో."

ఆమె నవ్వింది. ఆయన కాలేజీ మాట ఎత్తలేదు, ఎత్తడానికి భయమేసింది.

పెన్ను మూసి ఆమే అడిగింది. "ఇంటాయన అలా అన్నాక మళ్లీ ఆ మేడకి వెళ్లావా?"

"వెళ్లక? మర్నాడే వెళ్లి, నా కన్నం నేనే పూడ్చుకున్నా."

కూతురు కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. "అమ్మా, రేపు నాకూ క్యారేజీ కట్టు" అంటూ లోపలికి వెళ్లింది.

మేస్త్రీ చెంబు అందుకుని, కడిగిన కాలే మళ్లీ కడుక్కున్నాడు.