మగతనం మీద ఏడేళ్ళ పరిశోధన

నా పీహెచ్‌డీ అంశం అమెరికా మారుమూల ప్రాంతాల మీద వచ్చిన ఆధునికోత్తర నవలల్లో వీరత్వం, మగతనం. ఇంగ్లీషులో చెబితే గంభీరంగానే ఉంటుంది. తెలుగులో చెబితే మాత్రం బస్టాండు గోడల మీద రాసే వైద్యుడి ప్రకటనలా వినిపిస్తుంది. మా కాలేజీ స్టాఫ్ రూములో ఎవరైనా అడిగితే, "అమెరికన్ నవల" అని చెప్పి టీ గ్లాసు అందుకునేవాణ్ణి.

ఆ నవలల్లో గుర్రమెక్కిన మొనగాడు, కొండల్లో వేటగాడు, ఎండిపోయిన పొలాన్ని వదలని రైతు ఉంటారు. పాత కథల్లో వీళ్ళు వీరులు. కొత్త రచయితలు వీళ్ళ పరువు నిలువునా తీశారు. అవసరానికి తుపాకి పేలదు. కాపాడబోయినవాణ్ణే ఇంకెవరో కాపాడాల్సి వస్తుంది. వీరుడంటూ ఎవడూ లేడు, చెప్పేవాళ్ళ నోట్లో తయారవుతాడు అన్నది నా సిద్ధాంతం. దానికి ఏడేళ్ళు పట్టింది. మగతనం గురించి ఏడేళ్ళు చదివే మగవాణ్ణి మిమ్మల్నే చూశానండీ అనేది మా ఆవిడ.

ఆమెది అవనిగడ్డ వైపు, కాలవగట్టు మీద ఇల్లు. నడకా ఈతా ఒకేసారి వచ్చాయంటుంది. ఇక్కడ ఒక స్కూల్లో లెక్కలు చెబుతుంది. నేను పటమటలో పుట్టి పెరిగినవాణ్ణి. కృష్ణమ్మను ఎక్కువగా బస్సు కిటికీలోంచే చూశాను. పుష్కరాలకు కూడా మెట్ల మీద కూర్చుని చెంబుతో పోసుకున్నాను.

ఆ ఏడు వానలకు భవానీపురంలో మా వీధి మునిగింది. తెల్లారి లేచి చూస్తే స్కూటర్లు కనిపించలేదు. మేముండేది మొదటి అంతస్తు. కింది వాటాలో ఒక ముసలాయన ఒంటరిగా ఉండేవాడు. పాతబస్తీలో నలభై ఏళ్ళు బట్టలు కుట్టిన సాయిబు గారు. మోకాళ్ళు పోయాయి. నీళ్ళు పెరుగుతుంటే కుట్టు మిషను బల్ల ఎక్కి కూర్చుని మమ్మల్ని పిలుస్తున్నాడు.

పడవ వస్తుంది, ఫోన్ చేద్దాం అన్నాను. చేశాను కూడా. అవతల ఎవరూ ఎత్తలేదు. నేను రెండోసారి నంబరు నొక్కేలోపు మా ఆవిడ బట్టలారేసుకునే నైలాను తాడు విప్పి నడుముకు కట్టుకుంది. రెండో కొస నా చేతికిచ్చింది.

"వదలకండి, అంతే," అంది.

మెడలోతు నీళ్ళలోకి దిగింది. తలుపును భుజంతో తోసి లోపలికి వెళ్ళింది. ఆయన్ని వీపున వేసుకుని మెట్ల దాకా తెచ్చింది. నేను వదల్లేదు. నిజం చెప్పొద్దూ, ముందుజాగ్రత్తగా ఆ కొసను మెట్ల రెయిలింగుకు కూడా కట్టాను. చివరి నాలుగు మెట్లు మాత్రం దిగి, ఆయన చంకల కింద చేతులు వేసి పైకి లాగాను.

ఎదురింటి డాబా మీంచి ఒకాయన వీడియో తీశాడు. అక్కణ్ణించి చూస్తే మెట్ల గోడ అడ్డం. దాని వెనక నీళ్ళలో ఉన్న మా ఆవిడ కనబడదు. కనబడేది నేనూ, నా చేతుల్లో ముసలాయనా. మూడు రోజుల్లో అది ఊరంతా తిరిగింది. నీళ్ళు తీశాక వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. నల్లకళ్ళద్దాలతో నేను, కింద 'వరదల్లో వీరుడు', వెనక నోరు తెరిచిన సింహం. సింహం ఎందుకో నాకిప్పటికీ తెలీదు.

ఖండించలేదా అంటే, ఖండించాను. అభినందించిన ప్రతివాడితోనూ, అబ్బే, నేనేం చేశానండీ అన్నాను. మన దగ్గర సన్మానానికి ఒప్పుకునేవాడు ముందు అనాల్సిన మాటే అది. దాంతో కాలనీ సంఘం వాళ్ళ సన్మానం ఖాయమైంది. సాయిబు గారు నోరు విప్పితే సరిపోయేది, కానీ అప్పటికే గుడివాడలో కూతురింటికి వెళ్ళిపోయాడు.

మా ఆవిడ మొదట్లో నవ్వింది. తర్వాత స్కూల్లో తోటి టీచర్లు, మీ ఆయన అంత సాహసం చేస్తుంటే మీరు లోపల కూర్చుని ఏడ్చారా అని అడిగారట. ఆ రోజు నవ్వలేదు.

"మైకు ఇస్తారుగా. అప్పుడు చెప్పండి."

చెబుతాననే అన్నాను. నిజంగా చెబుదామనే అనుకున్నాను.

కమ్యూనిటీ హాల్లో మమ్మల్ని సతీసమేతంగా వేదిక మీదికి పిలిచారు. నాకు శాలువా, మెమెంటో. మా ఆవిడకు బొట్టు పెట్టి, రవికెల గుడ్డ చేతిలో పెట్టారు. అంత వీరుణ్ణి కనిపెట్టుకుని ఉన్నందుకు. మైకు నా చేతికొచ్చింది. ఎదురుగా రెండొందల ముఖాలు. మా ఆవిడ గుడ్డను రెండు చేతుల్తో పట్టుకుని నా వైపే చూస్తోంది.

"వీరుడనేవాడు ఎక్కడా ఉండడండీ," అని మొదలుపెట్టాను. "ఆ రోజు అక్కడ వీరులెవరూ లేరు."

హాలు చప్పట్లతో మోగింది. చప్పట్లు వినగానే అసలు మాట పక్కకు పోయింది. నాకు బాగా వచ్చిన పాఠం నోట్లోకి వచ్చేసింది. ఐదు నిమిషాలు అమెరికా రైతుల గురించి మాట్లాడి కూర్చున్నాను. ఎంత చదువు, ఎంత వినయం అన్నాడు అధ్యక్షుడు.

ఆటోలో ఇల్లు చేరాం. మెట్లెక్కుతూ ఆమె అంది.

"ఎవరూ లేరన్నారు. నేను లేనాండీ అక్కడ?"

సిగ్గుతో చచ్చిపోయాను. రాత్రంతా నిద్ర లేదు. పొద్దున్నే కాలనీ వాట్సాప్ గ్రూపులో ఉన్నదున్నట్టు రాశాను. తాడు, రెయిలింగు, మెడలోతు నీళ్ళు, అన్నీ. అరగంటలో దండాల బొమ్మలు వరస కట్టాయి. తను చేసింది భార్య చేసిందని చెప్పుకోవడానికి ఎంత పెద్ద మనసుండాలి సార్, అసలైన మగాడంటే మీరు అని రాశారు. ఇంకొకాయన దాన్ని తన కాలేజీ గ్రూపులో పెడతానన్నాడు.

ఫోను తీసుకెళ్ళి మా ఆవిడకు చూపించాను. కూర తరుగుతున్నది ఆపి, కిందిదాకా చదివింది. ఫోను తిరిగిచ్చేసింది.

"నిన్న చెప్పాల్సింది. ఇప్పుడు ఇది కూడా మీ గొప్పే అయిపోయింది. ఇకమీదట నా సంగతి మీరు చెప్పకండి. ఎవరన్నా అడిగితే నేనే చెప్పుకుంటాను."

సరేనన్నాను. ఇంతవరకూ ఆమెను ఎవరూ అడగలేదు.