చాకి మాట చాకవేలు దాటింది

బాగేపల్లి తాలూకా చాకవేలులో పట్టుపురుగులు పెంచే ఇళ్ళలో మా ఇల్లు ముందు వరుసలోది. నా పేరు ఆంజనేయప్ప. చదివింది ఊరి బడిలో ఏడో తరగతి. అయినా ఈ చుట్టుపక్కల మల్బరీ తోటకు డ్రిప్పు వేసిన మొదటివాణ్ణి నేనే. చింతామణి మార్కెట్టులో మా పట్టుగూళ్ళ రాశి దగ్గర వ్యాపారులు ఆగి, చేయి పెట్టి చూసి గానీ ముందుకు పోయేవారు కారు. చిక్కబళ్ళాపురం రైతుల సభలో నాకు శాలువా కప్పారు. ఆ ఫోటో మా నడవలో ఉంది. ఇవన్నీ చెప్పుకోదగినవే. అయితే ఈ మధ్య మా ఇంటికి వచ్చిన పేరు మా తమ్ముడు మునినారాయణ కూతురు నేత్ర తెచ్చింది. ఆ సంగతి రాయకుండా ఉండలేను.

నేత్ర చింతామణిలో డిగ్రీ చదివి వచ్చి, మా చాకి కేంద్రంలో పని అందుకుంది. చాకి అంటే గుడ్డు పగిలి అప్పుడే బయటపడిన పసిపురుగు. వాటిని కొంత పెంచి రైతులకు ఇవ్వడం మా పని. గదిలో తడి తగ్గకూడదు. తగ్గితే ఆకు వాడిపోతుంది, పురుగు ముట్టదు. తడి తగ్గగానే ఫోనుకు కబురు పంపే చిన్న పెట్టె ఒకటి నేత్ర తయారు చేసింది. దానికి కావలసిన సాఫ్ట్‌వేర్ ఇంటర్నెట్‌లో ఊరకే దొరుకుతుంది. దేశదేశాల వాళ్ళు కలిసి రాసినదట.

మా తమ్ముడు నమ్మలేదు.

"తడి సంగతి నా చర్మానికి తెలుస్తాది. పెట్టెకేం తెలుస్తాదమ్మా? వచ్చే దఫా గుడ్లు దిగేలోపల అది పలికిందా, కేంద్రం తాళం నీకిస్తా. పలకలేదా, పెట్టె అటకెక్కల్ల, నువ్వు నా మాట వినల్ల."

పెట్టె పలకలేదు. దాని మీద అంకె కనిపిస్తుంది, ఫోనుకు మాత్రం కబురు రాదు. నేత్ర ఆ సాఫ్ట్‌వేర్ నిపుణులు మాట్లాడుకునే ఫోరమ్‌లో అడిగింది. 'డాక్యుమెంటేషన్‌లో ఉంది, చదవండి' అన్నారు. చదివి మళ్ళీ అడిగింది. 'ఇది ఇంతకుముందే ఎవరో అడిగారు' అని ప్రశ్ననే మూసేశారు.

నేను గదిలోకి పోయేసరికి నేత్ర ఆకు తరుగుతోంది. కత్తి పలక మీద టకటకా పడుతోంది.

"ఆకు మీద ఎందుకమ్మా కోపం?"

"చదువుకొని రాపో అంటాండారు పెద్దనాయనా."

"చదవకుండానే పొయినావా ఏమి?"

"కండ్లు మండేదాకా చదివినా. తెలిసినోళ్ళు తెలిసినోళ్ళ కోసరం రాసుకున్యారు. నువ్వు యాడ నిలబడిపోయినావని అడిగినోడే లేడు."

"అయితే చాకికి కొమ్మ ఏసినారన్నమాట!" అని నవ్వాను.

నేత్ర కత్తి ఆగింది.

పెద్ద పురుగుకు కొమ్మలకు కొమ్మలే వేస్తాం, నమిలేస్తుంది. చాకికి లేతాకు సన్నగా తరిగి చల్లాలి. కొమ్మ వేస్తే ఆకు మీదే కూర్చుని ఆకలితో పోతుంది. అందులో ఆకు తప్పూ లేదు, పురుగు తప్పూ లేదు. నేత్ర ఇదంతా ఇంగ్లీషులో రాసి, తరిగిన ఆకు ఫోటో జతచేసి ఫోరమ్‌లో పెట్టింది. 'మీ ఆకు మంచిదే. నేనింకా చాకిని. కొంచెం తరిగి పెట్టండి' అని చివర రాసింది.

ప్రశ్న మూసిన ఆయనే మళ్ళీ తెరిచాడు. పోలండ్ ఆయనట, ఆ గుంపులో పెద్ద తలకాయ. 'చివరగా ఏం చేశారు? ఇప్పుడు మీకేం కనిపిస్తోంది?' అని అడిగాడు. తీరా చూస్తే చిన్న సంగతి. సెట్టింగు మార్చాక సాఫ్ట్‌వేర్‌ను ఒకసారి ఆపి మళ్ళీ నడపాలి. అందరికీ తెలిసిందే కదా అని డాక్యుమెంటేషన్‌లో ఎవరూ రాయలేదు.

మరుసటి రోజు మా తమ్ముడు బస్టాండు దగ్గర టీ తాగుతుండగా వాడి ఫోను మోగింది. నేత్ర పెట్టెకు ఇచ్చింది వాడి నంబరే. 'గదిలో తడి తగ్గింది.' గ్లాసు అక్కడే పెట్టి పరుగెత్తుకొచ్చి, తడి కోసం గోడలకు కట్టిన గోనెపట్టాలు తడిమి చూశాడు. ఆరిపోయి ఉన్నాయి.

"ఇదేందన్నా, నాకు తెలీనేలేదే!"

"నీ చర్మం టీ అంగట్లో కూర్చోనుండె కదరా," అన్నాను. నేత్ర తడిపి తెచ్చిన గోనె మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

కొత్తవాళ్ళ కోసం నేత్ర ఆ తర్వాత ఒక పేజీ రాసింది, ఒక్కొక్క అడుగూ తరిగి పెట్టినట్టు. పేరు దగ్గర ఫోరమ్‌లో వాదం నడిచింది. 'మొదటి అడుగులు' అందామన్నారు కొందరు. పోలండ్ ఆయన మాత్రం 'చాకి' అనే ఉండాలని పట్టుబట్టాడు, అదే నిలిచింది. ఇప్పుడు ఎవరైనా తెలియక అడిగితే, చదువుకో అని కసిరేవాళ్ళకు పక్కవాళ్ళే చెబుతున్నారట, 'ఆయనింకా చాకి, తరిగి పెట్టండి' అని. పట్టుపురుగును కంటితో చూడనివాళ్ళు అనే మాట అది! పోలిక అన్నది నేనే గానీ, దాన్ని లోకానికి ఎక్కించింది మా నేత్ర.

గుడ్లు దిగిన రోజున తాళం చెవి నేత్ర చేతికి వచ్చింది. గుడ్లు తెచ్చినతను అలవాటు కొద్దీ మా తమ్ముడి వైపు గుడ్ల పెట్టె చాచాడు.

"నాకెందుకప్పా? ఆయమ్మకియ్యి," అన్నాడు మునినారాయణ. చెప్పులు గడప బయట విడిచి లోపలికి తొంగిచూశాడు. "రావచ్చునామ్మా?"

"కాళ్ళు కడుక్కొని రా నాయనా," అంది నేత్ర.